కత్తక్క పరుగు

నాకు పై పళ్ళు రెండు లేవు. ఎవరైనా అడిగితే సానరాయి ముక్క ఎగిరి తగిలిందని చెప్పి ఊరుకుంటాను. అసలు సంగతి మొదలుపెడితే ఆ పూట ఒక్క కత్తికీ పదును పెట్టలేను మరి. ఇవాళ పొద్దుట్నుంచీ వాన, బేరాలు లేవు, కాబట్టి చెబుతాను. ఆ పళ్ళు పరుగుపందెంలో పోయాయి. పరిగెత్తింది మాత్రం నేను కాదు, కత్తక్క.

కత్తక్కది మాంసం కొట్టు. తండ్రి పోయాక ఆ కొట్టూ ఆ మొద్దూ ఆమెకే మిగిలాయి. భారీ మనిషి. మొద్దు ముందు నిలబడితే వెనకున్న తలుపు కనపడదు. పొట్టేలు తొడని కీలు దగ్గర రెండు దెబ్బల్లో విడదీస్తుంది, మూడో దెబ్బ వెయ్యడం ఆమెకి నామోషీ. కత్తి పైకి లేచి ఉన్నంతసేపూ ఎవరూ బేరమాడరు. నేను సైకిలు మీద సానరాయి బిగించుకుని వీధులు తిరిగేవాణ్ణి, వాళ్ళ నాన్న రోజుల నుంచీ ఆ కొట్టు కత్తులకి నేనే పదును పెడుతున్నాను. అందుకని అక్కాచెల్లెళ్ళిద్దరూ నన్ను మామా అంటారు. రక్తసంబంధం ఏమీ లేదు. ఉన్న చుట్టాలకంటే ఆ పిలుపే నాకు ఎక్కువ పనికొచ్చింది.

ఆ మనిషి జన్మలో పరిగెత్తి ఎరగదు. బస్సు కదిలిపోతున్నా నడిచే వెళ్ళేది. "బస్సు నా కోసం ఆగాలి గానీ బస్సు వెనక నేను పడడమేంటి?" అనేది. బస్సులు ఆగేవి కూడా. ఆపకపోతే మర్నాడు మాంసానికి రావాలి కదా డ్రైవరు.

వాళ్ళ నాన్న ఆమెకి నేర్పిన పద్ధతులు రెండున్నాయి, ఈ కథకి అవి తెలియాలి. ఒకటి, పరిగెత్తిన జీవాన్ని వెంటనే కొయ్యకూడదు. బెదిరి పరుగులు తీసిన మేకని అలాగే కోస్తే మాంసం నల్లబడి, జిగటగా, నోట పెట్టలేనట్టు తయారవుతుంది. నీళ్ళు పెట్టి, నీడన కట్టేసి, గుండె నెమ్మదించేదాకా ఆగాలి. రెండోది, కోత ముందురోజు మేత ఆపెయ్యాలి. నీళ్ళు తప్ప ఏమీ పెట్టకూడదు, పడుకోనివ్వాలి. ఈ రెండూ తప్పితే ముసలాయన చేతికందిన దానితో కొట్టేవాడు. ఒకసారి ఎముకతో కొట్టాడు, కత్తక్క కనుబొమ మీద ఆ గీత ఇప్పటికీ ఉంది.

చెల్లెలు వేరే తరహా. మేమందరం చిన్నది అనేవాళ్ళం. సన్నగా, ఎప్పుడూ ఏదో ఊడిపడుతున్నట్టు పరుగులే. ఇరవై దాటాక మైదానంలో పరుగు నేర్పే మాస్టరు దగ్గర చేరింది, పందేల్లో నెగ్గింది, ఆ మాస్టర్నే పెళ్ళి చేసుకుంది. ఊళ్ళో వాడికి మంచి పేరు. పెద్దవాళ్ళ పిల్లలందరికీ వాడే గురువు. నేను మాత్రం వాణ్ణి ఈలమాస్టరు అంటాను, అంతకంటే మర్యాద నా నోట్లోంచి రాదు.

మెళ్ళో విజిల్ వేసుకుని మైదానంలో తిరిగితే ఎవరికేం బాధ? వాడు దాన్ని ఇంట్లో కూడా తియ్యలేదు. ఒక ఈల వేస్తే మంచినీళ్ళు తేవాలి. రెండు వేస్తే ఎక్కడున్నా వచ్చి ఎదురుగా నిలబడాలి. పొడుగ్గా వేస్తే మళ్ళీ చెప్పేదాకా నిలబడ్డచోటు నుంచి కదలకూడదు. ఆలస్యమైతే చెయ్యి, మరీ ఆలస్యమైతే బెల్టు. పరుగు మాన్పించాడు. ఒకసారి దవడ విరిగింది, ఒకసారి పక్కటెముకలు. మూడుసార్లు అక్క దగ్గరికి వచ్చేసింది. మూడుసార్లూ వాడొచ్చి కొట్టు ముందు కూర్చుని, కొనుక్కోవడానికి వచ్చినవాళ్ళందరూ చూస్తుండగా భోరున ఏడ్చాడు. మూడుసార్లూ ఆ పిల్ల చెప్పులేసుకుని వాడి వెనకే వెళ్ళిపోయింది. నాలుగోసారి వచ్చినప్పుడు ఎడమ చెవి వినపడడం లేదు. కుడి చెవి పని చేస్తోంది, ఈల వినడానికి అది చాలు.

అది ఎంత నిజమో నేను కళ్ళారా చూశాను. కొట్టు ముందు కూడలి. అక్కడ ట్రాఫిక్ కానిస్టేబులు రెండుసార్లు ఈల వేశాడంటే లోపల చిన్నది చేతిలో ఉన్నది వదిలేసి లేచి నిలబడేది. ఓసారి కైమా కొడుతూ అలాగే లేచింది, కత్తి వచ్చి పాదం మీద పడింది. రక్తం కారుతోంది, అది మాత్రం తల దించుకుని ఎవరి కోసమో నిలబడే ఉంది. కత్తక్క పెద్ద కత్తి ఎత్తి మొద్దు మీద వేసిన దెబ్బకి అది సగం దిగబడిపోయింది. దాన్ని పీకి మళ్ళీ పదునుకి తేవడానికి నాకు సగం పూట పట్టింది.

ఊళ్ళో ఏటా ఒక పెద్ద పరుగుపందెం పెడతారు, ఇరవై ఒక్క కిలోమీటర్లు. ఆ ఏడు చిన్నది వెళ్ళి పేరిచ్చి వచ్చింది.

"ఇప్పుడెందుకే ఇది? పక్కటెముకలు అతుక్కున్నాయో లేదో," అంది కత్తక్క.

"నా మీద నాకు నమ్మకం లేదక్కా. వాడు ఏడిస్తే నా కాళ్ళు వాటంతట అవే వెళ్ళిపోతాయి. ఈ కాళ్ళు నావో వాడివో తేల్చుకోవాలి. చివరిదాకా పరిగెత్తగలిగితే ఇంక వెళ్ళను."

"పరిగెత్తలేకపోతే?"

 పరిగెత్తలేకపోతే ఏమవుతుందో మా ఇద్దరికీ తెలుసు.

రెండు రోజుల తర్వాత ఈలమాస్టరు కొట్టుకి వచ్చాడు. ఈసారి ఏడవలేదు. నవ్వుతూ, అరకిలో కొట్టమన్నట్టు తీరిగ్గా చెప్పాడు. "అది రోడ్డు మీద అడుగు పెట్టిందంటే మోకాళ్ళు విరగ్గొట్టి భుజాన వేసుకుపోతా వదినా. పందెం నడిపించేది మేమే. జెండా పట్టుకుని ముందు పరిగెత్తేది నేనే. ఎక్కడుందో నాకు తెలియకుండా పోదు."

కత్తక్క స్టేషనుకి వెళ్ళింది. అక్కడ ఆలుమగల గొడవల్లో మేం దూరమన్నారు. పందెం వాళ్ళ దగ్గరికి వెళ్ళింది. మాస్టారు అలాంటి మనిషి కాదన్నారు. పోనీ నేను పక్కనే ఉండి చూసుకుంటానంటే, నంబరు లేనివాళ్ళని రోడ్డు మీదకి రానిచ్చేది లేదన్నారు. "అయితే నాకూ ఓ నంబరియ్యి," అందట. బల్ల వెనకున్నవాడు ఆమెని కిందనుంచి పైదాకా చూసి, "పరిగెత్తడానికా అమ్మా, రోడ్డుకి అడ్డం పడుకోవడానికా?" అన్నాడట. "రెండూ వచ్చు," అని నంబరు పట్టుకొచ్చింది.

సాధన అంటారా, రెండు ఉదయాలు చేసింది. కొత్త బూట్లు కొరకకుండా ఉంటాయని వేళ్ళ సందుల్లో గొర్రె కొవ్వు రాసుకుంది. ఆ వాసనకి వీధి కుక్కలన్నీ వెంటబడ్డాయి. మొదటిరోజు వాటిని తిడుతూ పరిగెత్తింది, రెండోరోజు రాయి తీసుకుని వాటినే పరిగెత్తించింది. మూడోరోజు నుంచి కొట్టు పనికి ఆలస్యమవుతోందని మానేసింది.

పందెం ముందురోజు వెళ్ళేసరికి వెనక గదిలో ఫ్యాను కింద పడుకుని ఉంది. పక్కన చెంబుడు నీళ్ళు.

"ఒంట్లో బాగాలేదా?" అన్నాను.

"బాగానే ఉంది మామా. మేత ఆపేశా. నిన్న సాయంత్రం నుంచి నీళ్ళే."

"చిన్నదేమో బాగా తినాలందిగా?"

"అది సన్నపీనుగ, అది తినాలి. నా ఒంటికి తేలిక కావాలి. దానికి చెప్పకు, తిన్నానని చెప్పా."

నవ్వొస్తుందేమో మీకు. నాకు రాలేదు, అప్పుడు అది సబబుగానే తోచింది. జీవితమంతా కోతకి పోయే జీవాల్ని సిద్ధం చేసినవాళ్ళం, పరుగుకి పోయే ఒంటిని ఎలా సిద్ధం చెయ్యాలో మాకెవరు చెప్పారు? ఆ మాటకొస్తే ఆమె నీళ్ళు తాగుతుంటే మెచ్చుకున్నాను కూడా.

తర్వాత దిండు కింద నుంచి సన్న కత్తి తీసి ఇచ్చింది. ఎముక నుంచి మాంసం ఒలిచే కత్తి అది.

"పందెంలో ఇదెందుకే?"

"దారిలో ఏదైనా ఒలవాల్సి వస్తే."

నేను సాన పట్టాను. తల వెంట్రుక ఆనిస్తే తెగేంత పదును పెట్టాను. వాణ్ణి చంపేస్తుందని నాకు తెలుసు, జైలుకి పోతుందని తెలుసు, అయినా నా కాలు చక్రం తొక్కుతూనే ఉంది. 

మర్నాడు పొద్దున్నే పరుగు మొదలయ్యే గీత దగ్గర జనమే జనం. మైకులో పాటలు, అరుపులు. చిన్నది నంబరు సరిగా పెట్టుకుందో లేదో కత్తక్క చూస్తోంది, తన వదులు చొక్కా కింద నడుముకి గుడ్డ చుట్టిన కత్తి ఉంది. ఈలమాస్టరు ముందు వరసలో జెండా కర్ర పట్టుకుని, మెళ్ళో విజిల్‌తో, పెళ్ళికొడుకులా అందరికీ చేతులూపుతున్నాడు. రైలు కట్ట కింద నుంచి పోయే దారి దగ్గర ఉండమని కత్తక్క నాకు ముందే చెప్పింది. "అక్కడ ఇరుకు, చీకటి, చూసే జనం ఉండరు. నేనైతే జీవాన్ని అక్కడే పట్టుకుంటా. వాడూ అంతే," అంది. నేను సందుల్లోంచి సైకిలు తొక్కుకుంటూ అటు వెళ్ళాను. దారిలో జరిగింది తర్వాత చిన్నది చెప్పింది.

మొదట్లో ఇద్దరూ పక్కపక్కనే వెళ్ళారట.

"ఊపిరి తీసుకో అక్కా."

"తీసుకుంటూనే ఉన్నానే, అది లోపలికి రావట్లేదు."

సగం దూరం అయ్యేసరికి కత్తక్కకి కళ్ళ ముందు చీకట్లు మొదలయ్యాయి. చల్లటి చెమటలు. దారి పక్క బల్లల మీద అరటిపళ్ళు పెట్టారు, చిన్నది ఒకటి తెచ్చిస్తే చెయ్యి తోసేసింది. కడుపులో ఏదైనా పడితే బరువెక్కుతానని భయం. కాళ్ళు ఎత్తి ఎత్తి వేస్తోంది గానీ కదులుతున్నట్టు లేదు. వెనకబడిపోతున్నానని తెలిసి, "నువ్వు పో, కనపడేంత దూరంలో ఉండు," అని తిట్టి మరీ చెల్లెల్ని ముందుకి తోసింది.

నేను కట్ట కింద అవతలి చివర నిలబడి ఉన్నాను. ముందు పరిగెత్తేవాళ్ళ గుంపు వచ్చింది. అందులోంచి ఈలమాస్టరు కుంటుతూ పక్కకి తప్పుకుని మురిక్కాలవ గట్టు మీద కూర్చున్నాడు. గుంపు వెళ్ళిపోయాక కుంటు పోయింది. జెండా కర్ర ఒళ్ళో అడ్డంగా పెట్టుకుని, విజిల్ పళ్ళ మధ్య ఇటూ అటూ దొర్లిస్తున్నాడు.

"మాస్టరూ, పరుగు మానేసి ఇక్కడేం చేస్తున్నారు?" అన్నాను.

"కాలు పట్టేసింది. నువ్వెళ్ళి నీ రాయి తిప్పుకో."

వెళ్ళలేదు. సైకిలు గోడకి ఆనించాను.

చిన్నది కట్ట కిందకి దిగే దిగుడులో కనపడింది. ముఖం ఎర్రగా ఉంది, కానీ బాగా పరిగెడుతోంది, చాలా ఏళ్ళకి చూశాను ఆ పరుగు. వాడు లేవలేదు కూడా. కూర్చునే రెండు ఈలలు వేశాడు. ఆ గోడల మధ్య అవి చెవులు పగిలేలా మోగాయి. పిల్ల కాళ్ళు తాడుతో లాగినట్టు ఆగిపోయాయి. వచ్చి వాడి ఎదురుగా నిలబడింది. దేవుడి సాక్షిగా చెబుతున్నా, తనంతట తానే వచ్చి నిలబడింది.

వాడు లేచి జుట్టు పట్టుకుని తలని గోడకేసి కొట్టాడు. కడుపులో గుద్దాడు. వంగిపోతే మోకాలి మీద బూటుతో తన్నాడు, మళ్ళీ అక్కడే తన్నాడు. నేను వెనకనుంచి నడుం పట్టుకున్నాను. నా ఒళ్ళెంత, నా బలమెంత? వాడు వెనక్కి కూడా చూడకుండా జెండా కర్రతో ఒక్కటి పొడిచాడు. నోట్లో రాళ్ళు పడ్డాయనుకున్నాను. ఉమ్మి చూస్తే నా పళ్ళే.

మిగతావాళ్ళు పక్కనుంచి పరిగెడుతూనే ఉన్నారు. ఒకడు చెవుల్లో పాటలు పెట్టుకుని మమ్మల్ని చుట్టి వెళ్ళాడు. ఇంకొకడు, "ఏంటన్నా ఇది?" అన్నాడు. "మా ఆవిడకి మూర్ఛ," అన్నాడు వీడు. అది విని వాడు గడియారం చూసుకుంటూ వెళ్ళిపోయాడు. ఇప్పటికీ తలుచుకుంటే ఒళ్ళు మండుతుంది. ఒక్క ఆడమనిషి మాత్రం ఆగి కేకలు మొదలుపెట్టింది.

అప్పుడు దిగుడు పైన కత్తక్క కనపడింది.

చూడాల్సిన పరుగంటే అదే. అప్పటిదాకా ఈడ్చుకొస్తున్న మనిషికి దిగుడు దొరికింది. ఒళ్ళు ముందుకి వాలింది, కాళ్ళు దాన్ని అందుకోలేక కింద ఎలా పడితే అలా పడుతున్నాయి. ఆగడం ఎలాగో ఆమెకి తెలియదు, ఎవరూ నేర్పలేదు. ఈలమాస్టరు తిరిగి చూసేలోపు పైనుంచి వచ్చిన బరువంతా వాడి మీద పడింది. వాడి తల రోడ్డుకి కొట్టుకున్న చప్పుడు నాకు వినపడింది. కత్తక్క వాడి రొమ్ము మీద కూర్చుంది, వాడి చేతులు రెండూ ఆమె మోకాళ్ళ కింద ఉన్నాయి. చొక్కా ఎత్తి కత్తి తీసింది. మెడ మీద ఎక్కడ పెట్టాలో వెతుక్కోలేదు.

"అక్కా!" అంది చిన్నది గోడ దగ్గర్నుంచి.

కత్తక్క రెండో చెయ్యి వాడి గొంతు పక్కన పెట్టి కాసేపు అలాగే ఉంది, మేకని కొనేటప్పుడు చూసినట్టు. తర్వాత నా వైపు తిరిగింది. ముఖం పాలిపోయి ఉంది, పెదాలు వణుకుతున్నాయి.

"మామా, వీడు వేడి మీదున్నాడు. గుండె దడదడలాడుతోంది. పరిగెత్తిన జీవం."

"అయితే?"

"ఇప్పుడు కోస్తే పనికిరాడు. చల్లారనీ."

వాడి నిక్కరు తడిసింది. అది చెమట కాదు. ఆ రోజు నాన్న మాట అడ్డొచ్చి ఆగిందో, ఆగడానికి నాన్న మాట అడ్డం పెట్టుకుందో నాకు తెలియదు. అడిగితే నవ్వుతుంది.

"నువ్వు పరిగెత్తవే," అంది చెల్లెలితో.

"నిన్ను ఇలా వదిలేసి ఎలా వెళ్తానక్కా?"

"నేను పరిగెత్తడానికొచ్చానా? వీడి మీద కూర్చోడానికొచ్చా. ఫో."

చిన్నది కుంటుతూ అవతలి ఎత్తు ఎక్కడం మొదలుపెట్టింది. పదడుగులు వేసిందో లేదో, కింద పడి ఉన్నవాడు మెడ వంచి, గడ్డం దగ్గరున్న విజిల్‌ని పెదాలతో అందుకున్నాడు. రెండు ఈలలు. చిన్నది ఆగిపోయింది. మళ్ళీ రెండు. వెనక్కి తిరిగి కిందకి దిగడం మొదలుపెట్టింది. కళ్ళు తెరిచే ఉన్నాయి, అందులో చూపు లేదు. "వెళ్ళవే, వెళ్ళు!" అని అరిచాను, నోటి నిండా రక్తం, మాట రాలేదు. నాకు ఆ తన్నులకంటే అదే ఎక్కువ భయమేసింది.

కత్తక్క ఒక మోకాలు ఎత్తి వాడి దవడ కీళ్ళు రెండు వేళ్ళతో నొక్కింది. మేకకి మందు పోసేటప్పుడు అలాగే నోరు తెరిపిస్తుంది. మోకాలు లేచింది కదా, వాడి చెయ్యి విడిపించుకుంది, పిడికిలి వచ్చి ఆమె ముక్కు మీద పడింది. ముక్కు పక్కకి ఒరిగిపోయింది. ఆమె దవడ వదల్లేదు. నోరు తెరుచుకుంది, విజిల్ బయటికొచ్చింది, మెడలోని తాడు కత్తితో కోసి విజిల్‌ని మురిక్కాలవలో పారేసింది. ఆ రోజు ఆ కత్తి కోసింది ఆ తాడొక్కదాన్నే. నేను పెట్టిన పదునంతా అలా వృథా అయింది. తర్వాత కొట్టిన చేతిని అందుకుని మణికట్టు దగ్గర ఒక్క తిప్పు తిప్పింది. కీలు ఎక్కడుంటుందో ఆమె చూడక్కర్లేదు. అక్కడ ఆగి చూస్తున్న ఆడమనిషి ఆ చప్పుడుకి కళ్ళు మూసుకుంది.

ఈలలు ఆగిపోయాక చిన్నది నిద్రలేచినట్టు మమ్మల్ని చూసింది. తిరిగి ఎత్తు ఎక్కి వెళ్ళిపోయింది. అది పందెంలోకి వెళ్ళిందో, ఊరికే పారిపోయిందో నాకు అర్థం కాలేదు. విజిల్ కాలవలో పడింది గానీ ఆ పిల్ల చెవిలోంచి పోయిందని ఎలా చెప్పను?

కత్తక్క కూర్చునే ఉంది. వాడు ముందు బూతులు తిట్టాడు. తొడ మీద కొరికాడు, గుడ్డ చిరిగి పళ్ళు దిగాయి. ఆమె వాడి నెత్తి మీద మోచేత్తో ఒక్కటిచ్చి సర్దుకుని కూర్చుంది. చివరికి వాడు ఏడుపు లంకించుకున్నాడు.

"వదినా, బుద్ధొచ్చింది వదినా, దాన్ని పువ్వులా చూసుకుంటా."

"మూడుసార్లు విన్నాగా నీ ఏడుపు. ఈసారి కింద నుంచి వినపడుతోంది, అంతే తేడా," అంది.

చాలాసేపటికి కానిస్టేబుళ్ళు జీపులో వచ్చారు. వస్తూనే, "అయ్యో మాస్టారూ!" అన్నారు. లేవమ్మా అంటే లేవనంది, మా చెల్లి చేరేదాకా ఇక్కడే అంది. ఇద్దరూ కలిసి లాగినా కదల్లేదు. చివరికి ఆమెకే కళ్ళు తిరిగి పక్కకి ఒరిగింది కాబట్టి వాడు బయటపడ్డాడు. ఆగిన ఆడమనిషి లేకపోతే మమ్మల్నే జీపెక్కించేవాళ్ళు. "నేను మొదట్నుంచీ చూశాను, ఎక్కడైనా చెబుతాను," అని ఆవిడ వాళ్ళ ముఖం మీదే చెప్పింది. నా పళ్ళు రెండూ అరచేతిలో పెట్టి చూపించాను. సాయంత్రం స్టేషనుకి రమ్మని, వాణ్ణి ఎక్కించుకుని ఆసుపత్రికి బయల్దేరారు. ఆసుపత్రి పందెం ముగిసే చోటికి పక్కనే. జీపు చిన్నది వెళ్ళిన దారినే వెళ్ళింది.

కత్తక్క రోడ్డు మీద వెల్లకిలా పడి ఉంది. అప్పుడు నాకు బుద్ధి వెలిగింది.

"పిల్లా, మేత పెట్టనా?"

"పెట్టు మామా, చచ్చిపోతున్నా."

బల్ల మీద మిగిలిన అరటిపళ్ళ గెల మొత్తం తెచ్చాను. ముక్కులోంచి కారే రక్తం తుడుచుకుంటూ, కొన్నింటికి తొక్క కూడా సరిగా తియ్యకుండా మింగేసింది. తర్వాత గోడ పట్టుకుని లేచింది.

"ఇంకెంత ఉంది?"

"ఏడు కిలోమీటర్లు. నా సైకిలెక్కు, తొక్కుతాను."

"నీ సైకిలుకి నామీదేం కోపం? పద."

నడిచింది. కాసేపు పరిగెత్తింది, మళ్ళీ నడిచింది. బూట్లలోంచి రక్తం ఊరి అడుగు వేసినప్పుడల్లా పచపచమంటోంది. దారి తెరిచేశారు, బస్సులు హారన్ కొడుతూ పక్కనుంచి పోతున్నాయి. ముక్కు విరిగిన ఆడమనిషీ, పళ్ళు లేని ముసలాడూ, మధ్యలో సానరాయి సైకిలూ. జనం ఆగి చూశారు, చూడనీ అనుకున్నాను.

"మామా, జీపు అటే వెళ్ళింది కదా," అంది.

"వెళ్ళింది."

"కిటికీలోంచి పిలుస్తాడు."

"పిలుస్తాడు."

"చెయ్యి విరిగింది కదా, ఇప్పుడు ఇంకా బాగా ఏడుస్తాడు. నేనే విరిచి ఇచ్చా వాడికి." ముక్కు తుడుచుకుని మళ్ళీ అంది, "అది జీపెక్కేస్తుంది మామా."

 నా భయమూ అదే. కాళ్ళు ఈడుస్తూనే ఆమె ఏడుస్తోంది, ఆ మనిషి ఏడవడం వాళ్ళ నాన్న పోయినప్పుడు కూడా నేను చూడలేదు.

చివరి మలుపు ఇంకా తిరగలేదు, రెండు ఈలలు వినపడ్డాయి.

కత్తక్క ఆగిపోయింది.  మళ్ళీ రెండు. మళ్ళీ. ఆమె నా సైకిలు కడ్డీ గట్టిగా పట్టుకుంది, తర్వాత వదిలేసి పరిగెత్తింది. ఆ రోజు మొత్తంలో ఆమె నిజంగా పరిగెత్తింది ఆ కాస్త దూరమే.

మలుపు తిరిగితే పందెం లేదు. తోరణం మడిచేశారు, కుర్చీలు లారీలోకి ఎక్కిస్తున్నారు. రోడ్డుకి అడ్డంగా సున్నంతో వేసిన తెల్లగీత మాత్రం మిగిలింది. ఆ గీత మీద చిన్నది నిలబడి ఉంది. తల మీద ఎండిన రక్తం, ఒక మోకాలు ఉబ్బి ఉంది. వెనక రెండు బస్సులు ఆగి ఉన్నాయి. ఎదురుగా ట్రాఫిక్ కానిస్టేబులు బుగ్గలు ఉబ్బించి, రోడ్డు మీంచి తప్పుకోమని ఈల మీద ఈల వేస్తున్నాడు. ఊదీ ఊదీ వాడికే ఆయాసం వచ్చింది.

రోడ్డు ఊడ్చే ఆవిడ చీపురు చంకలో పెట్టుకుని పక్కన నిలబడి ఉంది. నన్ను చూసి, "ఆ అమ్మాయి మీ మనిషా? ఇందాక జీపొకటి ఆగింది, అందులో ఎవడో ఏడుస్తూ చెయ్యి చాపి పిలిచాడు. ఎక్కలేదు. వాళ్ళు వెళ్ళిపోయారు. అప్పట్నుంచీ నన్ను ఈ గీత చెరపనివ్వట్లేదు," అంది.

కత్తక్క ఇంకా ఇరవై అడుగుల దూరంలో ఉంది, ఒక్కో అడుగూ లాక్కుంటూ వస్తోంది. కానిస్టేబులు దగ్గరికొచ్చి చిన్నదాని కుడి చెవి పక్కనే మళ్ళీ రెండుసార్లు ఊదాడు.

చిన్నది వాడి వైపు తిరిగి, "కాసేపు ఆగవయ్యా, మా అక్క ఇంకా గీత దాటలేదు," అంది.